చెవులపిల్లి నూనె

ఇప్పుడు పరిశోధన చేసుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఫలానా ప్రోటీను ఉందో లేదో తేల్చాలంటే ఫలానా యాంటీబాడీ కావాలి సార్ అంటారు. సెల్‌ఫోన్లో కంపెనీ జాబితా తీసి వేలితో నొక్కుతారు. సరుకు ఐసు పెట్టెలో చుట్టుకుని వచ్చేస్తుంది. ఒక రోజు ఆలస్యమైతే లోకం మునిగినట్టు మొహాలు పెడతారు. నేను వాళ్ళను చూసి మురిసిపోతాను. కొంచెం కుళ్ళుకుంటాను కూడా. మా రోజుల్లో యాంటీబాడీ అంటే కుందేలు. కుందేలంటే దాని మేత, దాని అలక, దాని విరేచనాలు. ఇవన్నీ దాటితేనే యాంటీబాడీ.

సైన్సు కొంచెమే చెబుతాను, భయపడకండి. ఒంట్లో నరాలు పెరగడానికి తోడ్పడే ప్రోటీను ఒకటుంది. తెల్లెలుకల దవడ కింద లాలాజలం ఊరే గ్రంథుల్లో అది కాస్త ఎక్కువగా దొరుకుతుంది. దాన్ని శుద్ధి చేసి కుందేలుకి సూదితో ఎక్కిస్తే, తన ఒంట్లోకి పరాయిదేదో వచ్చిందని కుందేలు పసిగడుతుంది. ఆ ప్రోటీనునే వెతికి పట్టుకునే యాంటీబాడీలను తన నెత్తుట్లో తయారు చేసుకుంటుంది. ఆ నెత్తురు తీసి కదపకుండా ఉంచితే ఎర్రగా గడ్డకట్టి కిందికి దిగుతుంది, పైన లేత పసుపు రంగు నీళ్ళు తేరతాయి. ఆ తేటనే మేం సీరం అంటాం. మాకు కావలసినదంతా అందులోనే ఉంటుంది. ఎర్రగడ్డ పారేస్తాం. ఈ ముక్క ఒక్కటి గుర్తుంచుకోండి, మిగతాది మరిచిపోయినా ఫరవాలేదు.

డెబ్బైల మొదట్లో మాట. మా ప్రొఫెసరుగారు ఏళ్ళ తరబడి ఎలుకల మీద ఎలుకలు కోసి, చెంచాలో పట్టేంత ప్రోటీను పోగు చేశారు. ఆయనకి రిటైర్మెంటు దగ్గర పడింది. నా స్కాలర్‌షిప్పు గడువు కూడా అయిపోవచ్చింది. చివరి పరీక్షకని చిటికెడు దాచి, మిగతా ప్రోటీనంతా కుందేళ్ళకే ఎక్కించాం. వాటిలో కొన్ని ఎండదెబ్బకి పోయాయి, కొన్ని ఏదో రోగంతో పోయాయి. చివరికి రెండు మిగిలాయి. ఆ రెండూ పోతే నా థీసిస్ లేదు, ఆయన జీవితంలో ఆఖరి పని లేదు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టే వయసు ఆయనకు లేదు, డబ్బు డిపార్టుమెంటుకు లేదు.

సరిగ్గా అప్పుడే రాష్ట్రంలో ఉద్యమం రేగింది. కాలేజీలు మూతపడ్డాయి, హాస్టళ్ళు ఖాళీ చేయించారు, ఉద్యోగులు సమ్మెకి దిగారు. జంతువుల షెడ్డుకి తాళం పడబోతోంది, మేత వేసే మనిషి రావడం మానేశాడు. ప్రొఫెసరుగారు నన్ను పిలిచి, "ఏమయ్యా, మీ ఊళ్ళో గడ్డి ఉంటుంది గదా?" అన్నారు.

"ఉంటుందండీ."

"అయితే వీటిని తీసుకుపో. ఆఖరి ఇంజెక్షను అక్కడే ఇవ్వు. వారం పైన ఆగి నెత్తురు తియ్యి. ఇంతకంటే నాకేం తోచడం లేదు."

అలా నేను రెండు కుందేళ్ళను, మా వైపు మాటలో చెవులపిల్లులను, గంపలో పెట్టుకుని, పైన గోనెపట్టా కప్పి తిరువూరు బయలుదేరాను. బెజవాడ దాకా రైలు ఎలాగో దొరికింది. అక్కణ్ణుంచి బస్సులు లేవు. మిరపకాయలు దింపి ఖాళీగా వెనక్కి పోతున్న లారీవాణ్ణి బతిమాలుకున్నాను. డ్రైవరు గోనెపట్టా ఎత్తి చూసి, "కూరకా సార్?" అన్నాడు.

"కాదయ్యా, చదువుకి."

"చెవులపిల్లితో ఏం చదువండీ!" అని క్లీనరు వైపు తిరిగి కన్ను గీటాడు. మైలవరం దాటాక రోడ్డు కుదుపులకో, లారీలో మిగిలిన మిరపఘాటుకో, ఒక కుందేలు ప్రాణం వదిలింది. డ్రైవరు చాలా మర్యాదస్థుడు. "సార్, ఇప్పుడన్నా కూరకేనా?" అని అడిగి తీసుకున్నాడు. మిగిలినదాన్ని ఒళ్ళో పెట్టుకుని తిరువూరు సెంటర్లో దిగాను.

మా అమ్మ నా చిన్నప్పుడే పోతే పిన్ని నన్ను పెంచింది. చర్చి వెనక వీధిలో ఇల్లు. బాబాయి అప్పటికే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇంట్లో పిన్నీ, ఆమె కూతురూ. మా చెల్లెలు దగ్గర్లోని బళ్ళో టీచరు. నేను వెళ్ళేసరికి ఆ పిల్ల తలమీద కొంగు కప్పుకుని ఉంది. మా ఆడవాళ్ళు ప్రార్థనలో తలమీద కొంగు వేసుకుంటారు, అది మామూలే. కానీ ఇంట్లో, వంటింట్లో, బళ్ళో, ఎక్కడా ఆ పిల్ల కొంగు దించడం లేదు. కొంచెం జారినా చెయ్యి దానంతట అదే పైకి పోయి సర్దేస్తోంది. టైఫాయిడ్ వచ్చి తగ్గిందట. జ్వరం పోతూ పోతూ జుట్టంతా పట్టుకుపోయింది.

"బళ్ళో పిల్లలు 'టీచర్ గుండు' అని బోర్డు మీద రాశారంట్రా" అని పిన్ని నా చెవిలో చెప్పింది. "ఆదివారం తప్ప గడప దాటనంటంది. బడికి సెలవు పెడతానంటంది. ఎట్టారా దీనితో?"

నా బుర్రంతా కుందేలు మీదే ఉంది.

ఆఖరి ఇంజెక్షను ఇచ్చాను. చెవిలో నరం సరిగ్గా దొరుకుతుందో లేదో చూద్దామని, ఒకనాటి పొద్దున పెరట్లో కూర్చుని దాని చెవి మీద బొచ్చు గొరిగి, స్పిరిటుతో రుద్ది, సూదితో నాలుగు చుక్కలు తీసి చూశాను. నరం చక్కగా ఉంది. నేను సంతోషంగా తలెత్తేసరికి పక్కింటి గోడ మీంచి ఒక మొహం, దాని పక్కన ఇంకో మొహం. ఆ సాయంత్రానికి వీధి వీధంతా తెలిసిపోయింది. ఫలానావాళ్ళ కుర్రాడు యూనివర్సిటీ నుంచి చెవులపిల్లిని తెచ్చి నెత్తురు నూనె కాస్తున్నాడట!

మీలో పట్నాల్లో పెరిగినవాళ్ళకు తెలియకపోవచ్చు. చెవులపిల్లి నెత్తురు కొబ్బరినూనెలో వేసి కాచి రాసుకుంటే బట్టతల మీద కూడా జుట్టు మొలుస్తుందని మా వైపు గట్టి నమ్మకం. అడవి చెవులపిల్లిని కొట్టినప్పుడు నెత్తురు కోసం గిన్నె పట్టుకుని నిలబడేవాళ్ళుండేవారు. ఇక నాది యూనివర్సిటీ చెవులపిల్లి, తెల్లనిది, ఎర్రకళ్ళది. దాని నెత్తురు ఎంత బలమైనదై ఉంటుందో ఊహించుకోండి.

మర్నాటినుంచి దర్శనాలు మొదలయ్యాయి. వినగడప నుంచి ఒకావిడ బాటిల్లో కొబ్బరినూనె పోసుకుని మరీ వచ్చింది. విస్సన్నపేట నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, తలగుడ్డ తీసి, నున్నటి తల నాకు చూపించి మళ్ళీ చుట్టుకున్నాడు. నేను ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ఇది జుట్టుకి కాదండీ, నరాలు పెరిగే ప్రోటీనుని కనిపెట్టడానికండీ అని ఓపిగ్గా, క్లాసులో చెప్పినట్టు మొదటినుంచి చివరిదాకా చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"బాగా చెప్పారు బాబూ" అన్నాడు చివరికి. "నరం ఉంటేనే గదండీ వెంట్రుక. కింద నరం పెరిగితే పైన జుట్టు పెరగదూ?"

ఒక్క చుక్క కూడా ఎవరికీ ఇచ్చేది లేదని ఖరాఖండీగా చెప్పేశాను. పిన్నికీ అదే చెప్పాను. ఆమె పళ్ళెంలో బియ్యం ఏరుతూ ఉండిపోయింది.

నేను ఇవ్వనన్నానని జనం ఊరుకుంటారా? మనిషిని మంచి చేసుకోవడానికి కుదరకపోతే చెవులపిల్లినే మంచి చేసుకుందామనుకున్నారు. నేను ఇంట్లో లేనప్పుడు వచ్చి దానికి మేత పెట్టడం మొదలుపెట్టారు. ఒకరు తోటకూర, ఒకరు బెల్లం ముక్క, ఒకరు నానబెట్టిన శనగలు. ఒక మహాతల్లి పెరుగన్నం పెట్టింది. పెట్టినవాళ్ళంతా నెత్తుట్లో తమకు వాటా వస్తుందని లెక్క వేసుకున్నారు. ఆ కుందేలు పుట్టి బుద్ధెరిగాక ఎండుగడ్డీ శనగపొట్టూ తప్ప ఎరగదు. అంత మర్యాద దానికి ఒంటపట్టలేదు.

నెత్తురు తీద్దామనుకున్న రోజుకి ముందే ఒక మధ్యాహ్నం చూద్దును కదా, కుందేలు చెవులు వాల్చేసి మూలన ముడుచుకుని పడి ఉంది. వెనకంతా తడి. గడ్డి పెడితే మొహం తిప్పుకుంది. పశువుల ఆస్పత్రి సమ్మెలో ఉంది. ఇది సాయంత్రం దాకా ఉంటుందన్న నమ్మకం లేదు. ప్రాణం పోయాక నెత్తురు తీయడం కుదరదు. ఒక నిమిషం దాని వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. "ఒక్కసారి ఓర్చుకోవే తల్లీ" అన్నాను. తర్వాత సూది తీశాను.

చెల్లెలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని పట్టుకుంది. వెడల్పు మూతి గాజు సీసాలోకి నెత్తురు చుక్క చుక్కగా దిగింది. ఆ పిల్ల ఒక చేత్తో కుందేలునీ, ఒక చేత్తో తన కొంగునీ పట్టుకుని కూర్చుంది. సీసా మూత బిగించి, ఇసుకలో పెట్టిన మంచినీళ్ళ కుండ పక్కన, తడిగుడ్డ చుట్టి నిలబెట్టాను. పొద్దున్నకి గడ్డ దిగి తేట తేరుతుందని నా ఆశ. దీపాలు పెట్టే వేళకి కుందేలు పోయింది. పెరటి మూలన గుంట తవ్వి పూడ్చాం. పిన్ని చిన్న ప్రార్థన కూడా చేసింది. విస్సన్నపేట పెద్దమనిషికి ఎవరు కబురు చేశారో తెలియదు, ఆయనా వచ్చి తలగుడ్డ తీసి నిలబడ్డాడు. ఆయన దుఃఖం నిజమైనదే అనుకుంటాను.

పొద్దున్నే లేచి సీసా చూశాను. గడ్డ చక్కగా దిగింది, పైన తేట నిలబడింది. దాన్ని కదపకుండా, బస్టాండు దగ్గర ప్రైవేటు డాక్టరుగారి ఇంటికి పరుగెత్తాను. ఆ దరిదాపుల్లో ఫ్రిజ్ ఉన్నది ఆయన దగ్గరే. ఒక చిన్న సీసా పెట్టుకోవడానికి చోటివ్వమని అడిగితే, "పెట్టుకోవయ్యా, నా ఇంజెక్షన్లతో కలపకు, అంతే" అన్నాడాయన. మనసు తేలికపడి వెనక్కి వచ్చాను. వీధి మలుపు తిరిగేసరికి వాసన తగిలింది. కాగుతున్న కొబ్బరినూనె, గుంటగలగరాకు, ఆ రెండింటి కింద ఇంకేదో వాసన. ఇంటిదాకా పరుగు తీశాను.

వంటింటి గట్టు మీద నా గాజు సీసా బోర్లించి ఉంది. శుభ్రంగా, తళతళలాడేలా, బూడిద పెట్టి తోమి, కడిగి బోర్లించింది పిన్ని. పొయ్యి మీద బాణలి. పిన్ని అట్లకాడతో కలుపుతోంది.

"పిన్నీ, సీసాలోది ఏం చేశావు?"

ఆమె నా వైపు చూడలేదు. "నూనెలో వేశాన్రా. చెవులపిల్లి చచ్చిపోయె. ఇంక నెత్తురెక్కణ్ణుంచి వచ్చిద్ది? ఊళ్ళో వాళ్ళకి ఇయ్యనన్నావు, సరే. నీ చెల్లెలికి గూడా ఇయ్యవా? ఆ పిల్ల అద్దం గోడకి తిప్పి పెట్టుకుంటంది, నువ్వు చూశావా? నీకు ఎలకలూ చెవులపిల్లులూ తప్ప ఏం గనపడతయ్?"

గోడకి జారబడి అలాగే కింద కూర్చుండిపోయాను. ప్రొఫెసరుగారి మొహం కళ్ళముందు ఆడింది. ఆయనకేమని ఉత్తరం రాయాలి? అయ్యా, మీ జీవితకాలపు కృషిని మా పిన్ని దోరగా వేయిస్తోంది అని రాయనా?

నా మొహం చూసి చెల్లెలు కంగారుపడింది. "అమ్మా, అదంతా అన్నయ్య చదువు. మొత్తం వేసేశావా?"

"మొత్తం ఎట్టా వేస్తానే?" అంది పిన్ని, కూతురికి వంట కూడా తెలియదన్నట్టు. "పైన నీళ్ళు తేరి ఉంటే! కాగే నూనెలో నీళ్ళు పడితే చిటపటలాడి మీద చిందదూ? నీళ్ళు వంచేసి గడ్డొకటే వేశా."

నేను లేచి నిలబడ్డాను. "ఆ నీళ్ళు? ఆ నీళ్ళేం చేశావు పిన్నీ?"

"నీళ్ళా? బియ్యం కడిగిన నీళ్ళతో కలిపి కరేపాకు చెట్టుకి పోద్దామని..."

"పోశావా?"

"ఇంకా బియ్యం కడగందే? అదుగో, గ్లాసులో ఉన్నయ్."

కిటికీలో స్టీలు గ్లాసు, మీద మూతగా చిన్న పళ్ళెం. మూత తీశాను. అడుగున లేత పసుపు రంగు తేట నిమ్మళంగా ఉంది. వెలుతురుకి వంచి చూస్తే దానిలోంచి గ్లాసు అడుగు మెరుస్తూ కనిపించింది. ఒక్క ఎర్రటి నలుసు లేదు. గంజి వంచి, తరవాణి వంచి, నెయ్యి వంచి అలవాటైన చెయ్యి. మా లేబొరేటరీలో సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో గిరగిరా తిప్పి తీసినా ఇంతే వచ్చేది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో ఏడుపు కూడా వచ్చింది. గ్లాసు చేత్తో పట్టుకుని రెండూ ఒకేసారి కానిచ్చాను.

"వీడికేదో అయింది" అంది పిన్ని. "గ్లాసు కింద పెట్టరా, వొలకబోస్తావు!" అని ఆమె అనగానే నవ్వు ఆగిపోయి గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను.

చెడకుండా వేసే మందు చుక్క కలిపి, సీరాన్ని డాక్టరుగారి ఫ్రిజ్‌లో పెట్టాను. రోజూ వెళ్ళి చూసేవాణ్ణి. కరెంటు పోయినప్పుడల్లా నా ప్రాణం పోయేది. ఫ్రిజ్ మళ్ళీ గుర్రుమంటే ప్రాణం లేచి వచ్చేది. అది మంచి సీరమో, కరివేపాకు చెట్టుకి పోయాల్సిన ఉత్త నీళ్ళో ఇంకా తెలియదు. గ్లాసులో ఎంతసేపుందో, ఎంత వేడి తగిలిందో దేవుడికే ఎరుక. యూనివర్సిటీ తెరిచారని తెలిసిన రోజునే ఫ్లాస్కులో సోడాషాపు ఐసు కొట్టించి నింపుకుని, అందులో సీసా పెట్టుకుని బయలుదేరాను.

పరీక్ష చాలా చిన్నది. గాజు పలక మీద జున్నులాంటి పొర పోసి, అందులో రెండు గుంటలు చేస్తాం. ఒకదాంట్లో సీరం, ఒకదాంట్లో దాచుకున్న చిటికెడు ప్రోటీను. రెండూ పొరలో మెల్లగా పాకి ఎదురుపడతాయి. యాంటీబాడీ ప్రోటీనుని పట్టుకుంటే మధ్యలో తెల్లటి గీత పడుతుంది. పట్టుకోకపోతే ఏమీ కనిపించదు. మర్నాడు పొద్దున ప్రొఫెసరుగారు నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. పలక ఎత్తి వెలుతురుకి పట్టారు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశారు.

గీత ఉంది. సన్నగా, తెల్లగా, తిన్నగా ఉంది.

"సీరం చాలా తేటగా ఉందయ్యా. అక్కడ సెంట్రిఫ్యూజ్ ఎక్కడ దొరికింది?" అన్నారు.

"మా పిన్ని ఉందండీ" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నేనూ విడమరచలేదు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, ఇన్నాళ్ళూ లోపల బిగపట్టిన గాలంతా వదిలాను. అంత హాయిగా నేను మళ్ళీ ఎన్నడూ ఊపిరి పీల్చలేదు. థీసిస్ ఆమోదమైన రోజున కూడా అంత సుఖంగా లేదు.

తర్వాత కోడిగుడ్డులో పెరిగే పిల్ల నుంచి నరాల ముడి తీసి ఆ ప్రోటీనులో పెట్టాం. చుట్టూ నరాల పోగులు గుబురుగా మొలిచాయి. ఇంకో ముడికి ప్రోటీనుతో పాటు మా సీరం కూడా కలిపాం. సీరం ప్రోటీనుని పట్టేసుకుంది, నరం ఒక్కటీ మొలవలేదు. మేం పట్టుకున్నది సరైన ప్రోటీనునే అనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు. ప్రొఫెసరుగారు ఆ ఫలితాలు రాసిన కాగితం మీద సంతకం చేసి, మనసులో బరువు దించుకుని రిటైరయ్యారు.

వానలు పడ్డాక ఆ రెండు నరాల ముడులకీ తీసిన ఫొటోలు పట్టుకుని తిరువూరు వెళ్ళాను. చెల్లెలికి జుట్టు వచ్చేసింది. వేళ్ళు దూరనంత ఒత్తుగా, ఉంగరాలు తిరిగి మెడ దాకా ఉంది. అయినా అలవాటుకొద్దీ తలమీద కొంగు మాత్రం దించడం లేదు. టైఫాయిడ్‌లో పోయిన జుట్టు కొన్నాళ్ళకి దానంతటదే వస్తుందని డాక్టరుగారు అన్నారు. ఆ మాట పిన్ని ముందు అనే ధైర్యం ఆయనకీ లేదు, నాకూ లేదు. నూనెలో సగం విస్సన్నపేట పెద్దమనిషికి ఇచ్చిందట. ఆయనకు ఒక్క వెంట్రుకా మొలవలేదు. తలగుడ్డ గట్టిగా చుట్టడం వల్ల మొలవలేదని పిన్ని తేల్చేసింది.

ఫొటోలు ఆమె చేతిలో పెట్టాను. మొదటిది అటూ ఇటూ తిప్పి చూసింది. "అబ్బ, ఎంత జుట్టురా!" అంది.

"జుట్టు కాదు పిన్నీ, నరాలు."

"మరి ఇదేంటి, బోడిగా ఉంది?"

"దానికి నువ్వు గ్లాసులో వంచిన తేట కలిపాను. అది కలిపితే పెరగవు. అదే నేను కనిపెట్టింది."

పిన్ని రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నన్ను చూసింది. చిన్నప్పుడు లెక్కల్లో సున్నా తెచ్చినప్పుడు చూసిన చూపే అది.

"ఒకటే చెవులపిల్లి" అంది. "గడ్డతో నేను నీ చెల్లెలికి జుట్టు పెంచా. తేటతో నువ్వు బోడిగుండు చేశావు. మళ్ళా డాక్టరని బిరుదు వాళ్ళు ఇచ్చేది నీకా?"

వెనకనుంచి మా చెల్లెలు పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి తలమీద కొంగు భుజం మీదికి జారిపోయింది. ఆ పిల్ల దాన్ని సర్దుకోలేదు.